ముత్తంగి–పటాన్‌చెరు ప్రాంతపు చారిత్రక కట్టడాలు, జలమార్గాలు: విడదీయరాని వారసత్వం

వ్యాససంగ్రహం

సంగారెడ్డి జిల్లాలోని ముత్తంగి, పటాన్‌చెరు ప్రాంతం నేడు పారిశ్రామికవాడగా ప్రసిద్ధం. అయితే ఈ నేలకు వెయ్యేళ్లకు పైబడిన నిర్మాణ చరిత్ర ఉంది. ఆలయాలు, బసదులు, చెరువులు, తూములు, ఆనకట్టలు ఆ చరిత్రకు ఆధారాలు. మధ్యయుగంలో గుడిని, చెరువును ఒకే వ్యవస్థలోని రెండు అంగాలుగా భావించారు. ఆధునిక పరిపాలనలో కట్టడం ఒక శాఖకు, నీరు మరో శాఖకు చెందాయి. ఈ విభజన వల్ల నీటి కట్టడాలు చారిత్రక నమోదుకు దూరమైన తీరును ఈ వ్యాసం వివరిస్తుంది. ఒక ఇంగ్లండ్ గ్రామ అనుభవంతో పోల్చి, గ్రామస్థాయిలో కట్టడాలను, జలమార్గాలను కలిపి నమోదు చేసే పద్ధతిని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ముత్తంగి, పటాన్‌చెరు, పొట్టలకెఱె, నక్కవాగు, మంజీర, గొలుసుకట్టు చెరువులు, తూము, వారసత్వ పరిరక్షణ

1. ఉపోద్ఘాతం

హైదరాబాద్ నుంచి ముంబయి వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారిపై, పటాన్‌చెరు దాటగానే ముత్తంగి వస్తుంది. నగరాన్ని చుట్టివచ్చే బాహ్య వలయ రహదారి జాతీయ రహదారిని కలిసే కూడలి ఇక్కడే ఉంది. గోదాములు, కర్మాగారాలు, కొత్త కాలనీల నడుమ ఈ ఊరిని చూసినవారికి ఇది నిన్నమొన్న పుట్టిన ప్రాంతమనిపించడం సహజం. కాని ఈ నేల మీద వాన నీరు ఎటు పారుతుందో పరిశీలిస్తే మరొక పటం కనిపిస్తుంది. ఇక్కడి ఒర్రెలు, వాగులు నక్కవాగులో కలుస్తాయి. నక్కవాగు మంజీరలో, మంజీర గోదావరిలో కలుస్తాయి. కొద్ది దూరం తూర్పున హైదరాబాద్ నగరపు నీరు మూసీ ద్వారా కృష్ణకు చేరుతుంది. అంటే ఈ ప్రాంతం రెండు మహానదుల పరీవాహకాలను వేరుచేసే ఎత్తునేలకు చేరువలో ఉంది.

అటువంటి చోట జీవనదులు ఉండవు. వానాకాలంలో పారే నీటిని ఆపి నిలుపుకుంటేనే ఊరు నిలుస్తుంది. అందువల్ల ఇక్కడి మానవ నివాస చరిత్ర మొత్తం నీటిని నిలిపే కట్టడాల చరిత్రతో పెనవేసుకొని ఉంది. ఈ ప్రాంత చరిత్రను చెప్పే రచనలు సాధారణంగా శాసనాలకు, శిల్పాలకు, ఆలయాలకు ప్రాధాన్యమిస్తాయి. కాలుష్యాన్ని చర్చించే రచనలు వాగులకు, చెరువులకు ప్రాధాన్యమిస్తాయి. ఈ రెండు అధ్యయన ధారలను ఒకచోట చేర్చి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. స్థలనామం చెప్పే చరిత్ర

పటాన్‌చెరు పేరులోనే చెరువు ఉంది. కళ్యాణి చాళుక్యుల కాలపు శాసనాల్లో ఈ ఊరి పేరు 'పొట్టలకెఱె'. కన్నడంలో 'కెఱె' అంటే చెరువు. పొట్టలకెఱె తెలుగులో పొట్లచెరువుగా, వ్యవహారంలో పటాన్‌చెరుగా మారింది. రాజభాష, జనభాష మారినా పేరులోని 'చెరువు' అనే అర్థం మారలేదు. ఊరికి గుర్తింపునిచ్చిన కట్టడం కోట కాదు, గుడి కాదు, చెరువేనని ఈ పేరు వెయ్యేళ్లుగా చెబుతోంది.

11వ శతాబ్ది పూర్వార్ధంలో కళ్యాణి చాళుక్య రాజు రెండవ జయసింహునికి పొట్టలకెఱె నెలవీడుగా ఉండేది. రాజు పరివారంతో విడిది చేసే స్థావరం నెలవీడు. సేనలు, ఏనుగులు, గుర్రాలు, వ్యాపారులు, వృత్తులవారు నెలల తరబడి ఒకచోట ఉండాలంటే ముందుగా కావలసింది నీరు. ఒక చెరువు పేరు గల ఊరు రాజస్థావరంగా ఎంపిక కావడాన్ని ఈ కోణంలో అర్థం చేసుకోవాలి.

ఆ కాలంలో పొట్టలకెఱె ప్రముఖ జైన కేంద్రం కూడా. ఇక్కడ లభించిన తీర్థంకరుల శిల్పాలు హైదరాబాద్ ప్రదర్శనశాలల్లో ఉన్నాయి. వీరశైవ వాఙ్మయంలో జయసింహుని రాణి సుగ్గలదేవి, ఆమె గురువు దేవర దాసిమయ్యల కథకు రంగస్థలం ఈ ఊరే. జైనం నుంచి శైవానికి జరిగిన మార్పును ఆ కథ తనదైన పక్షపాతంతో చెబుతుంది. మతం మారింది, బసదులు శిథిలమయ్యాయి, రాజవంశాలు పోయాయి. ఇన్ని మార్పుల మధ్య ఊరిని నిలబెట్టిన నీటి ఏర్పాటు మాత్రం కొనసాగింది. శిల్పాన్ని ప్రదర్శనశాలకు తరలించి కాపాడవచ్చు. చెరువును ఉన్నచోటనే కాపాడుకోవాలి. ఈ తేడా తర్వాతి చర్చకు ముఖ్యం.

చరిత్రను ఇంకా వెనక్కు తీసుకువెళ్లే స్థలం ఇదే జిల్లాలోని కొండాపూర్. శాతవాహనుల కాలపు ఈ పట్టణ స్థలంలో 1940–42 మధ్య నిజాం రాజ్య పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. ఇటుక గోడలు, నాణేలు, మట్టిబొమ్మలు బయటపడ్డాయి. మంజీర పరీవాహకంలో స్థిర నివాసం రెండు వేల ఏళ్ల నాటిదని ఈ ఆధారాలు తెలుపుతున్నాయి.

3. గుడి, చెరువు: ఒకే ధర్మం, ఒకే ఆర్థిక వ్యవస్థ

సదాశివపేట సమీపంలోని నందికందిలో కళ్యాణి చాళుక్యుల కాలపు రామలింగేశ్వరాలయం ఉంది. నక్షత్రాకారపు తలవిన్యాసం, నిండుగా చెక్కిన స్తంభాలు దాని ప్రత్యేకతలు. సంగారెడ్డికి సమీపంలో, మంజీర చెంతన ఉన్న కల్పగూరులో కాకతీయ శైలికి చెందిన త్రికూటాలయం ఉంది. కళాచరిత్రకారులు ఈ ఆలయాలను స్తంభాల తీరు, ద్వారబంధాల అలంకరణ, శిఖర నిర్మాణం ఆధారంగా చర్చిస్తారు. అయితే ఆలయం నిత్యం నడవడానికి ధూపదీప నైవేద్యాలు కావాలి. వాటికి ధాన్యం, ధాన్యానికి మాగాణి, మాగాణికి చెరువు కావాలి. మధ్యయుగపు దాన శాసనాల్లో చెరువు వెనుక భూమిని దేవునికి ఇచ్చిన సందర్భాలు తరచుగా కనిపించడానికి కారణం ఇదే. గుడి గర్భాలయంలో వెలిగే దీపానికి చమురు ఒకవిధంగా చెరువు తూములోంచి వచ్చేది.

ఈ సంబంధానికి ధార్మిక రూపం సప్తసంతానాల భావన. పుత్రుడు, తటాకం, కావ్యం, దేవాలయం, వనం, అగ్రహారం, నిధి అనే ఏడింటినీ మనిషి పేరు నిలిపే సంతానంగా మన పూర్వులు లెక్కించారు. ఈ జాబితాలో దేవాలయం, తటాకం సమాన హోదాలో ఉన్నాయి. కాకతీయుల కాలంలో ఈ భావన భౌగోళిక రూపం దాల్చింది. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో నిర్మించిన రామప్ప ఆలయం, దాని చెంతనున్న రామప్ప చెరువు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఆలయం 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. చెరువు నేటికీ పొలాలకు నీరిస్తోంది.

చెరువు నిర్మాణాన్ని శాస్త్రంగా చెప్పిన శాసనం కడప జిల్లా పోరుమామిళ్లలో ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన ఈ సంస్కృత శాసనం మంచి చెరువుకు పన్నెండు సాధనాలను, ఆరు దోషాలను పేర్కొంటుంది. జలశాస్త్రం తెలిసిన విద్వాంసుడు, గట్టి నేల, తియ్యని నీరు గల నది, దగ్గరలో రాతిగని, నిపుణులైన పనివారు సాధనాల్లో కొన్ని. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, తక్కువ నీటికి ఎక్కువ ఆయకట్టు దోషాల్లో కొన్ని. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండడాన్ని కూడా ఈ శాసనం దోషంగానే లెక్కించింది. అంటే చెరువు చెడడానికి కారణం కేవలం మట్టిలోనో రాతిలోనో ఉండదు, దాని బాధ్యత ఎవరిదో తేలకపోవడంలోనూ ఉంటుందని 14వ శతాబ్ది గుర్తించింది.

4. నీటి కట్టడం అంగాలు

గొలుసుకట్టు చెరువు అంటే నీరు నిలిచిన గుంట మాత్రమే కాదు. ఎగువ చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీరు దిగువ చెరువుకు చేరుతుంది. దిగువ చెరువు నిండితే ఆ కిందిదానికి చేరుతుంది. చివరకు మిగిలిన నీరు వాగులో కలుస్తుంది. ఒక్కొక్క చెరువుకు కింది అంగాలుంటాయి.

కట్ట: వాగుకు అడ్డంగా మట్టితో వేసిన గట్టు. నీటి వైపు అలల కోతను తట్టుకొనేలా రాళ్లు పేరుస్తారు.

తూము: కట్ట అడుగు నుంచి నీటిని పొలాలకు వదిలే మార్గం. పాత తూముల్లో నీటి వైపు నిలువు రాతి స్తంభాలు, వాటి మధ్య రంధ్రాలున్న అడ్డు బండలు కనిపిస్తాయి. రంధ్రాన్ని మూసిన కొయ్యను ఎత్తి, దించి నీటిని నియంత్రించేవారు.

మత్తడి లేదా అలుగు: చెరువు నిండాక అదనపు నీరు సురక్షితంగా దాటిపోయే రాతికట్టు. కట్ట తెగకుండా కాపాడేది ఇదే.

కట్టుకాలువ: చెరువుకు నీటిని తెచ్చే కాలువ.

శిఖం: చెరువు నిండినప్పుడు నీట మునిగే భూమి. వేసవిలో ఎండి పొలంలా కనిపించినా ఇది చెరువులో భాగమే.

ఆయకట్టు: తూము కింద పారే మాగాణి.

ఈ అంగాలను నడిపే మనిషి నీరటి. ఏ మడికి ఎప్పుడు ఎంత నీరు వదలాలో, ఏ కాలువకు ఎప్పుడు పూడిక తీయాలో అతనికి తెలుసు. చెరువు తవ్వించినవారికి, మరమ్మతు చేయించినవారికి ఆయకట్టు నుంచి భూమిని లేదా ఫలసాయంలో వాటాను ఇచ్చే పద్ధతికి దశబంధం అని పేరు. నిర్మాణం, నిర్వహణ, ప్రతిఫలం మూడూ ఒకే ఒడంబడికలో ఉండడం ఈ వ్యవస్థ బలం. నీరటి లేని తూము, శిఖం లేని కట్ట, కట్టుకాలువ లేని చెరువు చూడడానికి నిలిచే ఉన్నా పనిచేయవు. కాబట్టి నీటి కట్టడాన్ని పరిరక్షించడమంటే రాయిని మాత్రమే కాక, ఆ రాయి చేసే పనిని కూడా పరిరక్షించడం.

5. మంజీర మీద ఆధునిక నిర్మాణాలు

మంజీర మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, ఆగ్నేయంగా ప్రవహించి, సంగారెడ్డి ప్రాంతంలో ఉత్తరానికి తిరిగి, నిజామాబాద్ జిల్లా కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. అసఫ్‌జాహీల చివరి దశలో ఈ నది మీద ఆధునిక నిర్మాణాలు మొదలయ్యాయి. మెదక్ సమీపంలో 1905లో ఘనపురం ఆనకట్ట నిర్మించారు. దాని నుంచి మహబూబ్ నహర్, ఫతే నహర్ అనే రెండు కాలువలు బయలుదేరుతాయి. 1923–1931 మధ్య ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో నిజాంసాగర్ నిర్మాణం జరిగింది.

స్వాతంత్ర్యానంతరం నది ప్రధాన కర్తవ్యం మారింది. 1960వ దశకంలో కల్పగూరు వద్ద మంజీర బ్యారేజీ నిర్మించి హైదరాబాద్‌కు తాగునీరు తరలించారు. ఆపై ఎగువన దాదాపు 30 టి.ఎం.సి.ల సామర్థ్యంతో సింగూరు జలాశయం వచ్చింది. బ్యారేజీ జలాలు 1978లో మంజీర వన్యప్రాణి అభయారణ్యంగా గుర్తింపు పొంది మొసళ్లకు ఆశ్రయమయ్యాయి. ఈ విధంగా కల్పగూరు ఒక్కచోటే కాకతీయ శైలి ఆలయం, 20వ శతాబ్ది బ్యారేజీ, వన్యప్రాణి ఆశ్రయం చేరాయి. ఒక గ్రామంలో చారిత్రక కట్టడాన్ని, జలమార్గాన్ని కలిపి అధ్యయనం చేయదలచిన పరిశోధకునికి ఇంతకన్నా అనువైన స్థలం ఈ జిల్లాలో అరుదు.

6. వాగు స్వరూపం మారిన కాలం

1970వ దశకంలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ రూపుదిద్దుకుంది. 1972లో పటాన్‌చెరు వద్ద అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఏర్పడింది. ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఒకేచోట లభించడం ఈ స్థలం ప్రత్యేకత. అదే కాలంలో ఆ పొరుగునే రసాయన, ఔషధ పరిశ్రమలు పెరిగాయి. తెలంగాణలో తరతరాలుగా సాగునీరు మోసిన వాగులు వ్యర్థజలాలు మోసే మార్గాలయ్యాయి. పాములవాగు, ఇసుకవాగుల ద్వారా ఈ వ్యర్థాలు నక్కవాగును, దాని ద్వారా మంజీరను చేరాయి.

ఇక్కడ గొలుసుకట్టు వ్యవస్థ స్వభావం గమనించదగినది. ఎగువ చెరువు నిండితే దిగువ చెరువుకు నీరందే ఏర్పాటు వల్లనే ఎగువన కలిసిన విషం దిగువ చెరువుకు కూడా చేరింది. నీటిని పంచడానికి పూర్వులు కట్టిన మార్గమే కాలుష్యాన్ని పంచింది. నక్కవాగు వెంబడి పోచారం, చిట్కుల్, ఆరుట్ల, చిద్రుప్ప, ఇస్మాయిల్‌ఖాన్‌పేట వంటి గ్రామాల రైతులు పంటలను, పశువులను, తాగే నీటిని కోల్పోయారు. మంజీర బ్యారేజీ నక్కవాగు సంగమానికి ఎగువన ఉండడం వల్ల నగరపు తాగునీటికి ఈ కాలుష్యం సోకలేదు. ఆ భారం దిగువ గ్రామాల మీద పడింది.

1980వ దశకం నుంచి రైతులు, స్థానిక వైద్యులు ఉద్యమించారు. పటాన్‌చెరు వైద్యుడు డాక్టర్ అల్లాణి కిషన్‌రావు ఈ ఉద్యమంలో ప్రముఖులు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ సుప్రీంకోర్టులో రిట్ పిటిషన్ దాఖలు చేసింది. ఆ వ్యాజ్యం తర్వాత హైకోర్టుకు, అక్కడి నుంచి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు బదిలీ అయింది. ఒక వాగు కోసం సాగిన న్యాయవివాదం ఒక తరాన్ని దాటింది.

2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం ప్రచురించిన పరిశోధన ఈ ప్రాంతాన్ని ప్రపంచ శాస్త్ర సాహిత్యంలో చేర్చింది. పటాన్‌చెరులోని ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వెలువడిన నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు ఆ పరిశోధన తేల్చింది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే గరిష్ఠ స్థాయి కన్నా ఇది ఎక్కువ. మందులకు లొంగని సూక్ష్మజీవులు ఎలా పుడతాయో చెప్పే అంతర్జాతీయ చర్చల్లో పటాన్‌చెరు పేరు నేటికీ వినిపిస్తుంది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాలుగా గుర్తించిన 43 పారిశ్రామిక సముదాయాల్లో పటాన్‌చెరు–బొల్లారం ఒకటి.

శుద్ధి చేసిన వ్యర్థజలాన్ని నక్కవాగులోకి వదలకుండా, సుమారు 18 కిలోమీటర్ల గొట్టపుమార్గం ద్వారా హైదరాబాద్ మురుగునీటి వ్యవస్థలో కలిపి, మూసీ తీరంలోని అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి తరలించే ఏర్పాటు తర్వాత జరిగింది. దీనివల్ల నక్కవాగుపై భారం తగ్గింది. కాని చారిత్రక భౌగోళిక దృష్టితో చూస్తే ఈ పరిష్కారానికి మరొక అర్థం ఉంది. గోదావరి పరీవాహకపు నీరు గొట్టం ద్వారా కృష్ణా పరీవాహకంలోకి వెళ్లింది. నేల వాలు నిర్ణయించిన సరిహద్దును వ్యర్థజలం కోసం దాటవలసి వచ్చింది.

7. చట్టం దృష్టిలో విడిపోయిన వారసత్వం

గుడి, చెరువు ఒకే వ్యవస్థ అయితే వాటి నేటి రక్షణ ఎలా ఉంది? 1958 నాటి ప్రాచీన స్మారకాలు, పురావస్తు స్థలాల చట్టం కనీసం నూరేళ్లుగా ఉన్న చారిత్రక ప్రాధాన్యం గల కట్టడాలను స్మారకాలుగా నిర్వచిస్తుంది. 2010 సవరణ ప్రకారం రక్షిత స్మారకం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపై మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నిర్వచనం విశాలమైనదే. రాతి తూము, మత్తడి కూడా కట్టడాలే. ఆచరణలో మాత్రం రక్షిత జాబితాల్లో ఆలయాలు, కోటలు, సమాధులే అధికం. రాష్ట్ర స్థాయిలో 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం వారసత్వ భవనాలు, ఆవరణల భావనను చేర్చింది.

నీటి విషయంలో వేరే చట్టాలున్నాయి. 1974 జల కాలుష్య నివారణ చట్టం నీటి నాణ్యతను చూస్తుంది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం (వాల్టా) జలవనరులను చూస్తుంది. శిఖం భూమి నమోదు రెవెన్యూ శాఖది, కట్ట, తూము నీటిపారుదల శాఖవి. 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టు చెరువులు, కుంటల వంటి సమష్టి వనరులను కాపాడవలసిన బాధ్యతను స్పష్టం చేసింది. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణను లక్ష్యంగా పెట్టుకుంది.

ఇన్ని ఏర్పాట్లున్నా ఒక ప్రశ్నకు సమాధానం లేదు. ఒక ఊరి చెరువుకున్న పాత రాతి తూము మరమ్మతులో తొలగిపోతే అది ఎవరికి నష్టం? నీటిపారుదల శాఖ దృష్టిలో కొత్త కాంక్రీటు తూము మెరుగైన సౌకర్యం. పురావస్తు శాఖ జాబితాలో పాత తూము లేదు. కాలుష్య నియంత్రణ మండలికి అది సంబంధించిన విషయం కాదు. రెవెన్యూ దస్తావేజులో తూముకు సర్వే నంబరు ఉండదు. పోరుమామిళ్ల శాసనం చెప్పిన 'రెండు రాజ్యాల సరిహద్దు' దోషం నేడు రెండు శాఖల సరిహద్దుగా తిరిగి వచ్చింది. కాలుష్య పరిహారాన్ని లెక్కించినప్పుడు కూడా కొలమానం ఎకరం. నీరటి జ్ఞానం, మత్తడి పనితనం, చెరువు చుట్టూ ఉన్న సామాజిక ఒడంబడిక ఎకరాల లెక్కకు అందవు.

నీటి కట్టడాన్ని వారసత్వంగా గుర్తించడం అసాధ్యం కాదని తెలంగాణ అనుభవమే చూపుతోంది. 2018లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల కమిషన్ (ఐసీఐడీ) కామారెడ్డి పెద్దచెరువును, నిర్మల్ జిల్లా సదర్మాట్ ఆనకట్టను వారసత్వ సాగునీటి నిర్మాణాలుగా గుర్తించింది. ఇలాంటి గుర్తింపు పేరున్న నిర్మాణాలకే పరిమితం కాకుండా గ్రామస్థాయికి దిగవలసి ఉంది.

8. పోలికకు ఒక ఇంగ్లండ్ గ్రామం

గ్రామస్థాయి గుర్తింపు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఇంగ్లండ్‌లోని స్టోక్ బ్రూయర్న్ గ్రామం ఉపయోగపడుతుంది. నార్తాంప్టన్‌షైర్‌లోని ఈ చిన్న ఊరు గ్రాండ్ యూనియన్ కాలువ ఒడ్డున ఉంది. 1805లో సమీపంలోని బ్లిస్‌వర్త్ సొరంగం తెరుచుకోవడంతో లండన్‌కు, మధ్య ఇంగ్లండ్‌కు మధ్య సరకుల పడవలు ఈ ఊరి మీదుగా సాగాయి. రైలు, ఆపై లారీ వచ్చాక కాలువ వాణిజ్యం క్షీణించింది. పాత ధాన్యపు మిల్లు భవనంలో 1963లో కాలువ ప్రదర్శనశాల ఏర్పడింది.

ఇంగ్లండ్‌లో 1947 నాటి పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టం చారిత్రక భవనాల జాబితా విధానానికి పునాది. నేడు ఆ జాబితాలో సుమారు 4 లక్షల నమోదులున్నాయి. రాజప్రాసాదాలు, చర్చీలతోపాటు కాలువ వంతెనలు, లాకులు, నీటిమిల్లులు కూడా అందులో ఉన్నాయి. 2012 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 2,000 మైళ్ల జలమార్గాలను కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ అనే ధార్మిక సంస్థ నిర్వహిస్తోంది. కట్టడం, నీరు రెండూ ఒకే నిర్వాహకుని చేతిలో ఉండడం ఈ ఏర్పాటు విశేషం.

ఈ నమూనాకు పరిమితి కూడా ఉంది. 2020లో వెలువడిన అధికారిక వర్గీకరణ ప్రకారం ఇంగ్లండ్‌లోని ఒక్క నది, సరస్సు కూడా రసాయన ప్రమాణాల్లో 'మంచి స్థితి' అందుకోలేదు. లాకును, వంతెనను చక్కగా కాపాడిన సమాజం కూడా వాటి కింద పారే నీటి నాణ్యతను కాపాడుకోలేకపోయింది. మన సమస్య దీనికి భిన్నమైనది. మనం నీటి నాణ్యత కోసం న్యాయస్థానాల్లో దశాబ్దాలు పోరాడాం గాని ఆ నీటిని మోసిన తూమును, మత్తడిని నమోదు చేసుకోలేదు. ఒక చోట కట్టడం దక్కి నీరు చెడింది. మరొక చోట నీటి గురించి పోరాటం సాగుతుండగానే కట్టడం కనుమరుగైంది. రెంటిలో ఏ ఒక్కటీ విడిగా చాలదని ఈ పోలిక నిరూపిస్తుంది.

9. గ్రామ నమోదుకు ఒక పద్ధతి

ముత్తంగి వంటి గ్రామాలు నగరంలో కలిసిపోతున్న ఈ దశలో నమోదు పని వాయిదా వేయదగినది కాదు. కళాశాల స్థాయిలో చరిత్ర, తెలుగు, భూగోళ శాఖలు కలిసి చేయగల పద్ధతిని కింద సూచిస్తున్నాను.

మొదటిది, పేర్ల సేకరణ. ప్రతి చెరువు, కుంట, ఒర్రె, మత్తడి, పొలం పేర్లను పెద్దల నోట విని రాయాలి. పటాన్‌చెరు ఉదాహరణ చూపినట్టు స్థలనామం ఒక శాసనంతో సమానమైన ఆధారం.

రెండవది, దస్తావేజుల పరిశీలన. సేత్వారు, 1954–55 ఖాస్రా పహాణీ, గ్రామ నక్షాలలో శిఖం, కట్ట, కాలువల నమోదులను గుర్తించి నేటి ఉపగ్రహ చిత్రంతో పోల్చాలి. ఖాస్రా పహాణీ పారిశ్రామికవాడకు ముందటి స్థితిని చెబుతుంది.

మూడవది, కట్టడం కొలతలు. తూము స్తంభాల ఎత్తు, రంధ్రాల సంఖ్య, మత్తడి పొడవు, వాడిన రాయి రకం, చెక్కిన గుర్తులు, సమీపంలోని శాసనాలు, వీరగల్లులు, గ్రామదేవతల స్థలాలు ఛాయాచిత్రాలతో సహా నమోదు చేయాలి. కట్టమైసమ్మ గుడి చెరువు కట్ట మీదే ఎందుకు ఉందో ఇటువంటి నమోదు ద్వారానే అర్థమవుతుంది.

నాలుగవది, వృత్తి జ్ఞానం. నీరటి కుటుంబాల్లోని వృద్ధుల అనుభవాలను, తూము విప్పే వేళల నియమాలను, కరువు కాలపు పంపకాల పద్ధతిని వారి మాటల్లోనే రికార్డు చేయాలి. ఈ పారిభాషిక పదాలు తెలుగు నిఘంటువులకు కూడా సంపద.

ఐదవది, నీటి మార్గం. ప్రతి చెరువు ఎగువ దిగువల సంబంధాన్ని ఒకే పటంలో చూపాలి. రహదారి గట్టో, లేఅవుటో కట్టుకాలువను ఎక్కడ తెంచిందో ఆ పటంలో కనిపించాలి.

10. ముగింపు

ఈ వ్యాసంలో చర్చించిన అంశాల నుంచి కింది విషయాలు తేలుతున్నాయి.

1. పొట్టలకెఱె నుంచి పటాన్‌చెరు వరకు స్థలనామం చెరువును ఊరి గుర్తింపుగా నిలిపింది. ఈ ప్రాంతపు ప్రాచీన ప్రాధాన్యానికి నీటి నిర్మాణం ఒక ముఖ్య ఆధారం.

2. సప్తసంతాన భావన, దాన శాసనాలు, దశబంధ పద్ధతి గుడిని, చెరువును ఒకే వ్యవస్థగా చూశాయి. ఆలయ చరిత్రను చెరువు లేకుండా రాస్తే అది అసంపూర్ణం.

3. 1970వ దశకం తర్వాత గొలుసుకట్టు నీటి మార్గాలే కాలుష్య మార్గాలయ్యాయి. నక్కవాగు సమస్య ఆరోగ్య, వ్యవసాయ సమస్యతోపాటు ఒక చారిత్రక నిర్మాణ వ్యవస్థ పతనం కూడా.

4. కట్టడం, నీరు వేర్వేరు చట్టాల, శాఖల కిందకు వెళ్లడం వల్ల తూము, మత్తడి వంటి నీటి కట్టడాలు ఎవరి జాబితాలోనూ లేకుండా పోయాయి.

5. ఇంగ్లండ్ అనుభవం నీటి కట్టడాలను గ్రామస్థాయిలో నమోదు చేయవచ్చని చూపుతుంది. నీటి నాణ్యత లేని కట్టడ రక్షణ సగం పని మాత్రమేనని కూడా అదే అనుభవం హెచ్చరిస్తుంది.

6. గ్రామనామాలు, దస్తావేజులు, కొలతలు, వృత్తి జ్ఞానం, నీటి మార్గాలను కలిపి రూపొందించే గ్రామ నమోదు పరిశోధకులు వెంటనే చేపట్టదగిన పని. పూడిన చెరువులో మళ్లీ పూడిక తీయవచ్చు. పగిలిన తూము ఎక్కడ ఉండేదో, ఎలా పనిచేసేదో తెలిసిన చివరి మనిషి పోయాక ఆ సమాచారాన్ని తిరిగి సంపాదించే మార్గం ఏ దస్తావేజులోనూ లేదు.